ఇసుకపై రాగము

1623 నవంబరులో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె ఇక్కేరికి పోవుచు, కనుమలలో ఒక గుడి మండపమున నలుగురు బాలురను చూచెను. ఒకడు లెక్కల పాఠమును రాగము తీసి చదువుచు, ఆ అంకెనే నేలపై పరచిన సన్నని ఇసుకలో వ్రేలితో వ్రాయును. తక్కినవారు అదే రాగమున అదే వ్రాయుదురు. నేల నిండినచో చెరిపి, క్రొత్త ఇసుక చల్లుకొందురు. పంతులు లేడు, మరచినవానికి తోడివారే గురువులు. రాగము పాఠమును మనస్సున నాటునని యాత్రికుడు గ్రహించెను.

చేతికి మాత్రము మేలు లేదా? గొంతు సాగినంతసేపే వ్రేలును సాగవలెను. తొందరకు తావు లేదు. ఇది మా ఊహయే, ఆయన ఈ మాట అనలేదు. వల్లెవేయుట మొద్దుచదువని తోసివేసిన మనము, అందు చేతికి కలిగిన శిక్షణను గమనింపమైతిమి.

1789లో మద్రాసు సైనిక అనాథశాల బాధ్యత వహించిన ఆండ్రూ బెల్, వీథిబడి పిల్లల ఇసుకవ్రాత చూచి ముచ్చటపడెను. తన ఉపాధ్యాయులు పెడమొగము పెట్టగా, ఎనిమిదేండ్ల బాలుడు జాన్ ఫ్రిస్కెన్ చేత నేర్పించెను. 1797లో లండనున ఆయన గ్రంథము వెలువడెను. పిమ్మట ఇంగ్లండు బడులకును ఇసుక చేరెను.

1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ అచ్చటి తెలుగు, కన్నడ బడులను గూర్చి వ్రాసిన నివేదికలోను బాలుని తొలి పలక ఇసుకయే. అందు వ్రేలు చక్కగా తిరిగిన పిమ్మటనే తాటాకును, గంటమును చేతికిచ్చెడివారు.