ఓట్ల శాతం, సీట్ల లెక్క: ఆంధ్రప్రదేశ్‌లో 1999, 2004 లోక్‌సభ ఎన్నికల పొత్తులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ ఫలితాల పట్టికలు చూసే విద్యార్థిని మొదట తికమకపెట్టేది 1999 సంవత్సరం. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీ కాంగ్రెస్. చెల్లిన ఓట్లలో సుమారు 42.8 శాతం దానివే. తెలుగుదేశానికి వచ్చినవి 39.9 శాతం. అయినా మొత్తం 42 స్థానాల్లో తెలుగుదేశం 29 గెలిచింది, కాంగ్రెస్‌కు దక్కినవి 5. ఐదేళ్ల తరువాత, 2004లో కాంగ్రెస్ ఓట్ల శాతం పెరగలేదు సరికదా 41.6కు తగ్గింది. సీట్లు మాత్రం 29 అయ్యాయి. ఇదెలా సాధ్యమైందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఇందుకు మీరు ఒక ఎన్నిక వెనక్కి, 1998కి వెళ్లాలి. అప్పుడు రాష్ట్రంలో పోటీ ముక్కోణంగా సాగింది. ఒకవైపు కాంగ్రెస్, మరోవైపు వామపక్షాలు, జనతాదళ్‌లతో కలిసి తెలుగుదేశం, మూడోవైపు భారతీయ జనతా పార్టీ. కాంగ్రెస్ 22, తెలుగుదేశం 12 స్థానాలు గెలిచాయి. భాజపాకు 18 శాతానికి పైగా ఓట్లు వచ్చినా సికింద్రాబాద్, కరీంనగర్, రాజమండ్రి, కాకినాడ, ఈ నాలుగే దక్కాయి. ఫలితాల తరువాత చంద్రబాబునాయుడు యునైటెడ్ ఫ్రంట్‌ను వదిలి వాజపేయి ప్రభుత్వానికి బయటనుంచి మద్దతు ఇచ్చారు. అమలాపురం సభ్యుడు బాలయోగి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. వామపక్షాలతో తెలుగుదేశం స్నేహం అక్కడితో ముగిసింది.

1999లో తెలుగుదేశం 34 చోట్ల, భాజపా 8 చోట్ల పోటీ చేశాయి. భాజపా ఓట్ల శాతం దాదాపు సగానికి, అంటే 9.9కి పడిపోయింది. సీట్లు 4 నుంచి 7కు పెరిగాయి. పోటీ చేసిన ఎనిమిదింటిలో ఓడింది హైదరాబాద్ ఒక్కటే. అక్కడ మజ్లిస్ గెలిచింది.

ఇక్కడ కొంచెం ఆగండి. పట్టికలో కనిపించే శాతం రాష్ట్రం మొత్తం మీద లెక్కించింది. పార్టీ అభ్యర్థి లేని నియోజకవర్గంలో ఆ పార్టీకి పడే ఓట్లు సున్నా. భాజపా అభిమానులు మిగిలిన 34 చోట్ల సైకిల్ గుర్తుకు వేసిన ఓట్లు తెలుగుదేశం ఖాతాలోకి వెళ్లాయి. కాబట్టి ఓట్ల శాతాన్ని ఎప్పుడూ విడిగా చదవకండి. పక్కనే ఎన్ని స్థానాల్లో పోటీ చేసిందన్న గడి ఉంటుంది, అది కూడా చూడండి. ఎనిమిది చోట్లే పోటీ చేసి రాష్ట్రమంతటి మీద 9.9 శాతం తెచ్చుకోవడమంటే, నిలబడ్డ చోట సగటున సగం ఓట్లు రావడమే. కాంగ్రెస్ మాత్రం మొత్తం 42 చోట్లా నిలబడింది. మిత్రపక్షాలు రెండూ కలిసి 49.7 శాతానికి చేరినచోట 42.8 ఏ మూలకు? బొబ్బిలి, నరసరావుపేట, కడప, మిర్యాలగూడ, ఖమ్మం, అంతే మిగిలాయి. ఒంటరిగా మిగిలిన వామపక్షాలకు ఒక్క స్థానమూ రాలేదు.

(ఈ పేర్లలో బొబ్బిలి, మిర్యాలగూడ ఇప్పటి పటంలో కనిపించవు. 2009 ఎన్నికల నుంచి అమలైన పునర్విభజనలో హన్మకొండ, భద్రాచలం వంటి లోక్‌సభ స్థానాలతో పాటు అవీ పోయాయి.)

2004లో ఈ పాఠాన్ని కాంగ్రెస్ నేర్చుకుంది. 2001లో పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితితోనూ, సీపీఐ, సీపీఎంలతోనూ పొత్తు పెట్టుకుని తాను 34 చోట్ల మాత్రమే పోటీ చేసింది. పొత్తు పూర్తిగా సవ్యంగా సాగలేదు. కొన్నిచోట్ల తెరాస, కాంగ్రెస్ అభ్యర్థులు ఎదురెదురుగానే నిలబడ్డారు. అయినా తెరాసకు 5, కమ్యూనిస్టు పార్టీలకు చెరొకటి వచ్చాయి. తెలుగుదేశం 5 స్థానాలకు దిగిపోయింది, తొమ్మిది చోట్ల పోటీ చేసిన భాజపాకు ఒక్కటీ రాలేదు. మెదక్‌ను చూడండి: 1999లో అక్కడ భాజపా అభ్యర్థిగా గెలిచిన ఆలె నరేంద్రే 2004లో తెరాస అభ్యర్థిగా గెలిచారు.

అయితే అంతా పొత్తుల మహిమేనా? కాదు. తెలుగుదేశం, భాజపా 2004లోనూ కలిసే పోటీ చేశాయి, కానీ వాటి ఉమ్మడి ఓటు 41.5 శాతానికి, అంటే ఎనిమిది పాయింట్లు పడిపోయింది. ఆ పతనానికి కారణాలు కరువులో, రైతుల అప్పుల్లో, ఉచిత విద్యుత్ హామీలో, 2003లో రాజశేఖరరెడ్డి చేసిన పాదయాత్రలో వెతకాలి. ప్రభుత్వంపై అసంతృప్తి ఓట్లను కదిలించింది. కదిలిన ఓట్లు చీలిపోకుండా కాపాడింది పొత్తు. మా దృష్టిలో ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్నీ అసలు కారణమని తేల్చడం సరికాదు.

పొత్తుకు ధర కూడా ఉంటుంది. తెలంగాణ అంశం యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలోకి ఎక్కింది, కె. చంద్రశేఖరరావు కేంద్ర మంత్రి అయ్యారు. రాష్ట్ర ఏర్పాటు ముందుకు సాగకపోవడంతో 2006లో ఆయన మంత్రి పదవినీ, కరీంనగర్ సభ్యత్వాన్నీ వదులుకున్నారు. ఆ డిసెంబరులో జరిగిన ఉప ఎన్నికలో కాంగ్రెస్‌పైనే నిలబడి రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. రెండేళ్ల కిందట అక్కడ ఆయనకు పడిన ఓట్లలో పొత్తు వాటా ఎంత, ఉద్యమం వాటా ఎంత అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు దొరకదు.

2009లో తెరాస, వామపక్షాలు తెలుగుదేశం వైపు చేరి మహాకూటమి కట్టాయి. కాంగ్రెస్ ఒంటరిగా నిలబడింది, దాని ఓటు మళ్లీ తగ్గి 39 శాతానికి వచ్చింది. సీట్లు 33కు పెరిగాయి. ఈసారి మూడో కోణం కొత్తగా వచ్చిన ప్రజారాజ్యం. ఆ పార్టీకి 15 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి, లోక్‌సభ స్థానం ఒక్కటీ రాలేదు. 1998లో భాజపాకు వచ్చిన ఓట్ల శాతాన్ని, సీట్లను దీని పక్కన రాసుకుని, రెండింటి మధ్య తేడాకు కారణాన్ని మీ సొంత మాటల్లో వివరించడానికి ప్రయత్నించండి.