కీళ్లవాత వ్యాధులు: గుండె, జీవక్రియ ముప్పు

రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేయడం వల్ల రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ వంటి కీళ్లవాత వ్యాధులు వస్తాయి. ఇవి ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం, మధుమేహం, అధిక రక్తపోటు వచ్చే ముప్పు ఇతరులకంటే ఎక్కువ. రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో సంభవించే మరణాలు సుమారు 50 శాతం అధికమని 2008 నాటి ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది.

చరిత్ర

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగికి తొలిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది. మంచం పట్టినవారు లేచి నడిచారు. ఈ పరిశోధనలకు 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి దక్కింది. అయితే స్టెరాయిడ్లను ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే షుగర్, బీపీ, పొట్ట చుట్టూ కొవ్వు పెరుగుతాయని త్వరలోనే తెలిసివచ్చింది.

1976లో టొరంటో వైద్యుడు ముర్రే యురోవిట్జ్ బృందం 81 మంది లూపస్ రోగులను పరిశీలించింది. చనిపోయిన 11 మందిలో ఆరుగురు ఏడాదిలోపే కన్నుమూశారు. వారిలో వ్యాధి తీవ్రత, ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. మిగతా ఐదుగురు ఏళ్ల తర్వాత మరణించారు. అప్పటికి లూపస్ సద్దుమణిగినా, వారిని గుండెపోటు వెంటాడింది. 1997లో సుసాన్ మాంజీ బృందం 35-44 ఏళ్ల లూపస్ మహిళల్లో గుండెపోటు ముప్పు అదే వయసు ఇతర మహిళలకంటే 50 రెట్లకు పైగా ఉందని చూపింది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం కూడా వాపు ప్రక్రియేనని 1999లో రస్సెల్ రాస్ వివరించడంతో కీళ్లకూ గుండెకూ ఉన్న లంకె స్పష్టమైంది.

కారణాలు

కీళ్లను తినేసే వాపు రక్తనాళాల లోపలి పొరనూ దెబ్బతీస్తుంది. వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు కొలెస్ట్రాల్ తగ్గినట్టు కనిపించినా గుండె ముప్పు తగ్గదు. కాబట్టి ఆ ఒక్క రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు. స్టెరాయిడ్లు, ఏళ్ల తరబడి మింగే నొప్పి గోలీలు, కదలలేక పెరిగే బరువు, పొగతాగడం ఈ ముప్పును ఇంకా పెంచుతాయి.

తెలుగు శాస్త్రవేత్త పాత్ర

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం ముందు ఫోలిక్ ఆమ్లాన్ని, తర్వాత దాని పనిని అడ్డుకునే మందులను తయారుచేసింది. మెతోట్రెక్సేట్ వాటిలో ఒకటి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు 1988లో అమెరికా దీన్ని ఆమోదించింది. ఈ మందు వాడిన రోగుల్లో గుండె సంబంధ మరణాలు సుమారు 70 శాతం తక్కువని 2002లో ఒక అధ్యయనం తెలిపింది. కీళ్లవాతం లేని గుండె రోగులకు ఇచ్చి చూసిన పెద్ద పరీక్షలో మాత్రం ప్రయోజనం కనబడలేదు. మెతోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి; పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. అందుకే ఏ రోజు వేసుకోవాలో చీటీపై రాయించుకోవాలి. తోడుగా డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. ఈ రెండు మందుల మూలాలూ సుబ్బారావు ప్రయోగశాలలోనే ఉన్నాయి.

మెదక్‌లో పరిస్థితి

తెలంగాణలో 2016లో జిల్లా కేంద్రమైన మెదక్ పట్టణంలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. రుమటాలజీ నిపుణుల సేవలు మాత్రం ఎక్కువగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో ప్రత్యేక రుమటాలజీ విభాగం ఉంది. అంత దూరం తరచూ వెళ్లలేనివారు నొప్పి గోలీలతో, స్టెరాయిడ్ సూదులతో నెట్టుకురావడం ప్రమాదకరం.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ ఉచితంగా పరీక్షిస్తారు. లూపస్ ఎక్కువగా పట్టి పీడించేది పదిహేనేళ్ల నుంచి నలభై అయిదేళ్ల మధ్య మహిళలను. అంటే ఇరవై ఏళ్ల లూపస్ రోగి ఈ వయసు గీతకు ఇవతలే మిగిలిపోతుంది. ఆమెకూ ఈ పరీక్షలు తప్పక చేయాలి.

నివారణ

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంటే మామూలు లెక్కలో వచ్చిన గుండె ముప్పును 1.5తో గుణించాలని యూరోపియన్ రుమటాలజీ సమాఖ్య సూచించింది. వ్యాధిని త్వరగా అదుపు చేయడం, స్టెరాయిడ్ మోతాదును వీలైనంత తగ్గించడం, పొగాకు మానడం, రోజూ నడవడం ప్రధాన జాగ్రత్తలు. స్టెరాయిడ్లను డాక్టర్ చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. కీళ్లవాతం ఉన్నవారు ఏ వయసువారైనా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి.