చెఱువు కట్ట – నీటి ధర్మములు



హైదరాబాదు పాతనగరమునకు దక్షిణమున చాంద్రాయణగుట్ట కలదు. దానికి వాయవ్యమున మీర్ ఆలం చెఱువును, తూర్పున బాలాపూరు గుఱ్ఱం చెఱువును ఉన్నవి. ఈ రెండింటి చరిత్ర నాధారముగా గొని, నీటి ధర్మములను గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

మొదటి ధర్మమిది. నీటి ఒత్తిడి లోతును బట్టి యుండును గాని వైశాల్యమును బట్టి యుండదు. 1586లో సైమన్ స్టెవిన్ అను పండితుడు దీనిని వివరించెను. ఆమడ పొడవున పఱచుకొన్న చెఱువైనను, పెరటిలోని నూయియైనను, లోతు సమానమైనచో అడుగున ఒత్తిడియు సమానమే. అయిదు మీటర్ల లోతున చదరపు మీటరునకు సుమారు అయిదు టన్నుల బరువు పడును. నీరు రెట్టింపు లోతైనచో కట్టపై బడు మొత్తము త్రోపుడు నాలుగు రెట్లగును. కట్ట పాదము వెడల్పుగా నుండవలసిన కారణమిదియే. స్టెవిను పుట్టుటకు మూడు శతాబ్దములకు ముందే కాకతీయుల కాలమున వెలసిన పాకాల, రామప్ప చెఱువులు నేటికిని నిలిచియున్నవి. మనవారు ఈ ధర్మమును పనిలో నెఱిగియుండిరని నేను తలంతును.

రెండవది. నిలిచిన నీరు తాను తాకిన గోడను ఎల్లప్పుడు లంబముగా నొత్తును. మీర్ ఆలం 1804 మొదలు 1808 వఱకు నిజాముకడ దివానుగా నుండెను. ఆయన పేర వెలసిన చెఱువు కట్ట తిన్నని గోడ కాదు; 21 కమానుల వరుస. కమానుల ఉబ్బు నీటివైపున కలదు. రాయి నొక్కుడునకు ఓర్చును, సాగదీతకు ఓర్వదు. నీరు ఒత్తిన కొలది ఆ కమానులలోని రాళ్లు ఒకదానికొకటి బిగిసి, బరువును నడిమి స్తంభములకు చేర్చును.

మూడవది. తూముగుండ వెడలు నీటి వేగము పైనున్న లోతు నాలుగింతలైనచో రెండింతలగునని 1644లో టారిచెల్లి ప్రకటించెను. వేగము రెండింతలైన ప్రవాహము ఎదురైనదానిని నాలుగింతల బలముతో త్రోయును. కావున మట్టికట్ట మీదుగా నీరు పొర్లెనా, జాఱు కొలది వడి హెచ్చి, మట్టిని కోసికొనుచు గండి పెంచును.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగినప్పుడు జరిగినదిదియే. ఎగువ చెఱువు తెగి ఆ నీరు దిగువ చెఱువుపై పడ, అదియు తెగెను. మూసీ పరీవాహకమునందలి 788 చెఱువులలో 221 తెగినవని లెక్క తేలెను. వేలకొలది ప్రజలు మరణించిరి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరదను ఎగువనే ఆపి, మెల్లగా విడుచుటకు 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును పూర్తియైనవి.

అయినను 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి గుఱ్ఱం చెఱువు కట్ట తెగెను. చాంద్రాయణగుట్ట ప్రాంతమందలి హఫీజ్ బాబానగర్ మొదలగు బస్తీలు నీట మునిగెను. నూఱేండ్లు గడచినను నీటి ధర్మము మాఱలేదు.

కాబట్టి పెద్దలారా, వానలు రాకమునుపే మీ యూరి చెఱువును ఒకమాఱు చూచిరండు. కొందఱు మత్తడి యనియు, కొందఱు అలుగు అనియు పిలుచు పొర్లుదారి కట్టకంటె తగినంత తగ్గున నున్నదా? దానికి అడ్డుగా చేపల తడికగాని, గోడగాని వెలసినదా? దిగువ కాలువ ఎవరి పొలములోనైన కలిసిపోయినదా? తెగిన కట్టను పూడ్చుట ఏడాది పని. పొర్లుదారిని తెఱచియుంచుట ఒకనాటి పని.