సహచర రేసర్ల పోటీ: ఒత్తిడి, ఏకాగ్రత

మోటారు రేసింగ్‌లో ఫార్ములా వన్, ఫార్ములా-ఈ వంటి పోటీల్లో ఒక జట్టుకు ఇద్దరేసి డ్రైవర్లు ఉంటారు. ఇద్దరి కార్లూ ఒకే రకం. కారు బాగా లేదన్న సాకు ఇంకెవరి ముందైనా చెల్లుతుంది గానీ సహచరుడి ముందు చెల్లదు. అందుకే ఏ డ్రైవరైనా ముందుగా ఓడించాలనుకునేది సొంత జట్టువాణ్ణే. ఇందులోంచి పుట్టే ఒత్తిడిని ఇద్దరి మధ్య పగగా చెప్పుకోవడం అలవాటైపోయింది. కానీ ఈ క్రీడ చరిత్ర చూస్తే పగ కన్నా దృష్టి చీలిపోవడమే ఎక్కువ నష్టం చేసిందనిపిస్తుంది. ఆ చీలిక డ్రైవర్ల స్వభావంలో కన్నా పాయింట్ల లెక్కలోనే ఎక్కువగా ఉంది.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు జాతరల్లో జరిగే బండలాగుడు పోటీలు చూసినవారికి ఉమ్మడి లెక్కకూ విడి లెక్కకూ ఉన్న తేడా వెంటనే తెలుస్తుంది. కాడి కింద రెండెద్దులున్నా బండ ఎంత దూరం జరిగిందన్నదే లెక్క. ఏ ఎద్దు ఎంత లాగిందో విడిగా కొలవరు. రేసింగ్ కూడా ఒకప్పుడు కొంతవరకు ఇలాగే నడిచింది. 1956లో మోంజాలో ఫెరారీ జట్టు నాయకుడు ఫాంజియో కారు చెడిపోతే, తనకూ టైటిల్ అవకాశం ఉన్న పీటర్ కాలిన్స్ దిగి తన కారు అతనికిచ్చాడు. ఫాంజియో ఛాంపియన్ అయ్యాడు. 1958 నుంచి ఒకే కారును ఇద్దరు పంచుకుంటే పాయింట్లు ఇవ్వడం మానేశారు. కార్ల తయారీదారులకు వేరే ఛాంపియన్‌షిప్ మొదలైందీ ఆ ఏడాదే. అప్పటి నుంచి డ్రైవరు పరుగు ఒకటే అయినా అది రెండు పట్టికల్లోకి ఎక్కుతోంది: ఒకటి తనది, రెండోది జట్టుది. ఒకదానికి మేలు చేసే సాహసం రెండోదాన్ని ముంచేయవచ్చు.

పోటీ వల్లే ఇద్దరూ పదునెక్కుతారు కదా అని అడగవచ్చు. 1988లో సహచరులు సెన్నా, ప్రాస్ట్ కలిసి మెక్‌లారెన్ జట్టుకు 16 రేసుల్లో 15 గెలిచిపెట్టారు. పదునెక్కుతారన్నది నిజమే. అయితే అదే ఏడాది మొనాకోలో సెన్నా దాదాపు నిమిషం ఆధిక్యంలో ఉన్నాడు, రెండో స్థానంలో ప్రాస్ట్. దగ్గరలో ఎవరూ లేరు. వెనక ప్రాస్ట్ వేగం పెంచితే సెన్నా కూడా పెంచాడు. నెమ్మదించమని జట్టు చెప్పింది, నెమ్మదించాడు. కాసేపటికి 67వ ల్యాప్‌లో, సొరంగానికి కాస్త ముందున్న మలుపులో, ఒంటరిగా వెళ్లి గోడకు కొట్టుకున్నాడు. ఇక్కడ ఢీ లేదు, తగువూ లేదు. లయ తెగింది, అంతే. మరుసటి ఏడాది సుజుకాలో ఇద్దరూ ఢీకొన్న ఘటననే అందరూ చెప్పుకుంటారు గానీ, ఏకాగ్రత సంగతి తెలుసుకోవడానికి మొనాకోయే మంచి ఉదాహరణ.

తెలుగు నేల మీద ఇలా దృష్టి చీలడానికి సాక్ష్యం 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున కనిపించింది. అది భారతదేశంలో జరిగిన తొలి ఫార్ములా-ఈ (విద్యుత్ కార్ల) రేసు. 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్, 18 మలుపులు. జాగ్వార్ డ్రైవరు మిచ్ ఎవాన్స్ అందరికన్నా ముందు వరుసలో మొదలెట్టాడు. రేసు నడుమ మూడో మలుపు దగ్గర అతని సహచరుడు శామ్ బర్డ్ లోపలివైపు నుంచి దూసుకొచ్చి ఎవాన్స్ కారునే గుద్దాడు. జాగ్వార్ ఆశలన్నీ అక్కడే ముగిశాయి. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ క్యాసిడీ రెండో స్థానంలో నిలిచాడు. ఇది బ్రేకులు వేయడంలో జరిగిన పొరపాటే తప్ప సహచరుల పోటీ కాదనేవారున్నారు. బర్డ్ బాహాటంగా క్షమాపణ చెప్పాడు కాబట్టి పగ లేదన్నది ఒప్పుకోవలసిందే. కానీ పగ లేకుండానే ఇంత నష్టం జరిగిందంటే, మందు వేయవలసిన చోటు వేరే ఉందన్నమాట, అది ఏకాగ్రత. ఫార్ములా-ఈ డ్రైవరు వేగం ఒక్కటే చూసుకుంటే సరిపోదు. బ్యాటరీలో మిగిలిన శాతం, వేడి, రేడియోలో ఇంజనీరు మాట, అన్నీ ఒకేసారి గమనించాలి. ఆ ఏడాదే జకార్తాలో ఎవాన్స్, బర్డ్ కార్లు మళ్లీ ఒకదానికొకటి తగిలాయి. సీజను ముగిశాక బర్డ్ జట్టు మారాడు.

ఎవరు ముందుండాలో జట్టే తేల్చి చెబితే గొడవ ఉండదన్నది మరో వాదన. 2013లో మలేషియాలో రెడ్‌బుల్ జట్టు తన డ్రైవర్లకు అలాగే చెప్పింది. వెట్టెల్ ఆ మాట వినక సహచరుడు వెబర్‌ను దాటి గెలిచాడు. ఆదేశం వచ్చినంత మాత్రాన డ్రైవరు తన పట్టికను మరచిపోడు. పైగా మనసులో మోయవలసినది ఇంకొకటి చేరుతుంది.

మళ్లీ జాగ్వార్ సంగతికి వస్తే, బర్డ్ స్థానంలోకి క్యాసిడీ వచ్చాడు. 2024 జులై 21న లండన్‌లో చివరి రేసు నాటికి ఎవాన్స్, క్యాసిడీ ఇద్దరూ పోర్షే డ్రైవరు పాస్కల్ వేర్లైన్‌తో టైటిల్ పోటీలో ఉన్నారు. ఫార్ములా-ఈలో కొద్దిసేపు అదనపు శక్తి కావాలంటే మామూలు దారి వదిలి, మలుపు బయటివైపు గుర్తించిన పట్టీ మీదుగా కారు పోనివ్వాలి. నేలలో అమర్చిన తీగలన్నిటినీ దాటితేనే శక్తి వస్తుంది. కాస్త తప్పితే శక్తి రాదు, పోయిన సమయమూ తిరిగి రాదు. ఎన్నోసార్లు చేసిన ఆ పనిలోనే ఆ రోజు ఎవాన్స్ గురి తప్పాడు. వేర్లైన్ 6 పాయింట్ల తేడాతో ఛాంపియన్ అయ్యాడు. జట్ల టైటిల్ మాత్రం జాగ్వార్‌కే దక్కింది.