అయివారి పేరు ఎక్కడ రాసుంది?

మా కోవెలకుంట్ల చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, "మీ ఊళ్లో మొట్టమొదట బడి చెప్పినదెవరు?" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "అయివారు." ఏ అయివారు? "అయివారే నాయనా. గుడి అరుగు మీద చెప్పేటోడంట. మా జేజినాయనకు ఆయనే అక్షరాలు దిద్దిచ్చినాడు." ఊరి రెడ్ల వంశాన్ని ఏడు తరాల దాకా చెప్పగలిగిన ముసలాయన కూడా అయివారి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. రెడ్డి వంశం చెప్పడానికి పిచ్చుగుంట్ల వాళ్లున్నారు. వాళ్లు ఏటా వచ్చి గోత్రం, ఇంటిపేరు, తాత ముత్తాతల పేర్లు పాడి వడ్లో జొన్నలో పెట్టించుకుని పోతారు. అయివారి వంశం పాడేవాళ్లు లేరు.

నా వెతుకులాట ఈ అరుగు బడుల అయివార్ల కోసం. ఒకే గది, ఒకే మనిషి. చాలా చోట్ల గది కూడా లేదు. గుడి మంటపమో, పెద్ద ఇంటి అరుగో, చింతచెట్టు కిందో.

వాళ్లను సర్కారు లెక్కపెట్టలేదని కాదు. 1822 జూన్ 25న మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులం వాళ్లు అని లెక్క తీయమన్నాడు. మన సీమను 1800 నుంచి ఏడేళ్లు స్వయంగా ఏలిన కలెక్టరు ఆయన. ఆ లెక్కలో కడప జిల్లాకు 494 బడులు, 5,892 మంది పిల్లలు తేలారు. బళ్లారి జిల్లాకు 533 బడులు, 6,641 మంది. ఇప్పటి ఆదోని, ఆలూరు, పత్తికొండ అప్పుడు బళ్లారిలోవే. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కింద ఉండింది కాబట్టి ఆ పట్టికలో దానికి వరసే లేదు.

బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక చదువుతుంటే బడి కళ్లకు కడుతుంది. పొద్దున ఆరుకే బడి మొదలు. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న చుడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా పెరుగుతూ పోతాయి. పిల్లల్లో 2,998 మంది శూద్ర కులాల మగపిల్లలు, 1,185 మంది బ్రాహ్మణ మగపిల్లలు. హిందువుల ఆడపిల్లలు జిల్లా మొత్తానికి 60 మంది. ఆ 533లో ఒక్కదానికీ ప్రభుత్వం పైసా ఇవ్వడం లేదని, అది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉందని ఆయన రాసుకున్నాడు. దేశం పేదదైపోయి తల్లిదండ్రులు జీతం కట్టలేక బడులు మూతపడ్డాయని కూడా రాశాడు.

ఇంత రాసినవాడు ఒక్క అయివారి పేరూ రాయలేదు. ఆ పేర్లు మన్రో అడగలేదు కాబట్టి క్యాంబెల్ రాయలేదు. పిల్లల కులం కావలసొచ్చింది, గురువు పేరు అక్కరలేకపోయింది. 1826లో మన్రో, అయివార్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదని, ఆ డబ్బుకు మంచి పంతుళ్లు దొరకరని తేల్చి, తాలూకా బడికి తొమ్మిది రూపాయలు, జిల్లా బడికి పదిహేను రూపాయలు జీతం అనుకున్నాడు. ఆ మరుసటి ఏడే, 1827 జులై 6న, మన పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. ఆ తాలూకా బడులూ ఎక్కువ కాలం నిలవలేదు.

అమెరికాలో ఇట్లాంటి ఒంటిగది బడి పంతులు ఎవరో తెలుసుకోవాలంటే జనాభా లెక్కల కాగితాలు తీస్తారు. అక్కడ 1850 నుంచి ఇంట్లో బానిసలు కాని ప్రతి మనిషి పేరు, చాలామంది పెద్దవాళ్ల వృత్తి ఆ కాగితాల మీదనే ఉన్నాయి. మన 1871, 1881 లెక్కల్లో జిల్లా మొత్తాలు మిగిలాయి, ఇంటింటి కాగితాలు మిగలలేదు. అందుకే మనం బడిని వదిలిపెట్టి ఇంటి వైపు నుంచి రావాలి. అయివారు బడి కాగితాల్లో దొరకడు. భూమి కాగితంలో, పెళ్లి కాగితంలో, తద్దినం తిథిలో దొరుకుతాడు.

భూమి కాగితాల్లో ముఖ్యమైనది ఇనాం రిజిస్టరు. 1858లో పెట్టిన ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి మాన్యాలన్నిటినీ పరిశీలించింది. మొదట మాన్యం ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు, వాళ్ల వయసెంత, మొదటి గ్రహీతకు ఏమవుతారు అన్నీ గడులు కట్టి రాయించారు. ఎకరాల కోసం రాసిన పుస్తకం మనకు వంశవృక్షమై కూర్చుంది. అందులో "బడి చెప్పేవాడు" అని ఉండదు. భట్టవృత్తి, పంచాంగం, దేవదాయం అని ఉంటుంది. బడి చెప్పినది చాలా ఊళ్లలో ఆ పంచాంగం అయ్యే, లేకపోతే గుడి సాతాని, మఠం జంగమయ్య. అయితే మాన్యం ఉన్నవాళ్లంతా బడి చెప్పారని అనుకోకూడదు. రిజిస్టరులో కనబడిన పేరు ఊరి వాళ్ల నోటిలోనో, తాటాకు పుస్తకం చివరలోనో మళ్లీ కనబడితేనే నేను నమ్ముతాను.

తాటాకు పుస్తకం చివర చూడమని అందరికీ చెబుతాను. అయివార్లు పిల్లల కోసం శతకాలు, లెక్కల పుస్తకాలు నకలు రాసేవాళ్లు. చివరి ఆకులో రాసినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, సంవత్సరం, మాసం, తిథి, వారం ఉంటాయి. చిక్కు సంవత్సరం దగ్గరే. ధాత అని ఉంటే 1816 కావచ్చు, 1876 కావచ్చు. తిథి, వారం రెండూ కలిసే ఏడాది ఏదో స్వామికన్ను పిళ్లై 1911లో అచ్చేయించిన కాలగణన పట్టికలతో తేల్చుకోవచ్చు. ఒక్కోసారి మనిషి పేరే దారి చూపుతుంది. మన్రో మీద అభిమానంతో సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. ఆ పేరున్న మనిషి 1800కు ముందు పుట్టి ఉండడు.

ఇక్కడ ధాత అన్న మాట రాస్తే కరువు గుర్తుకు రాకుండా పోదు. ధాత ఏడాది మొదలైన 1876-78 కరువులో మా జిల్లా సగం ఖాళీ అయినట్టే ముసలివాళ్లు చెప్పేవాళ్లు. సర్కారు లెక్క చూస్తే 1871లో కర్నూలు జిల్లా జనాభా 9,14,432, 1881కి 6,78,551. నలుగురిలో ఒకరు లేరు. రైతు గింజలు పెడితే తినే అయివారు ఆ రెండేళ్లు ఏం తిన్నాడో, ఎక్కడికి పోయాడో. 1860ల ఇనాం పుస్తకంలో నిండుగా ఉన్న ఇల్లు ఆ తర్వాతి కాగితాల్లో మాయమైతే నేను మొదట అనుమానించేది ఈ కరువునే. ఆ ఇంటివాళ్లు చనిపోయారని వెంటనే రాసేయకూడదు. బళ్లారి వైపు, కృష్ణ అవతల వైపు కూడా వెతకాలి.

కాగితాల విషయంలో మనం అనుకునేదానికి తలకిందులైన సంగతి ఒకటుంది. ఊరి అరుగు ఎక్కనివ్వని మాల, మాదిగ పల్లెల్లో బడి చెప్పినవాళ్ల పేర్లే ఎక్కువ భద్రంగా ఉన్నాయి. 1822లో లండన్ మిషన్ కడపకు వచ్చింది, తర్వాత జమ్మలమడుగు దానికి పెద్ద కేంద్రమైంది. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాలల్లో ఎస్‌పీజీ అనే ఇంగ్లండు మిషన్ వాళ్లు, కర్నూలు, కంభాల్లో అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. పల్లెలో ఒక కొట్టం వేస్తే అదే బడి, అదే గుడి. పగలు పశువులు కాసే పిల్లలకు రాత్రి దీపం పెట్టి చెప్పేవాళ్లు. అట్లా చెప్పిన ఉపదేశి, అంటే మిషన్ పంతులు, బాప్తిస్మం పుస్తకంలో ఉన్నాడు. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రాసిన పెళ్లి రిజిస్టరులో వరుడి వయసు, వృత్తి, ఊరు, ఇద్దరి తండ్రుల పేర్లు ఉంటాయి. ఒక ఉపదేశి కూతురు ఇంకో ఊరి ఉపదేశి కొడుకును చేసుకోవడం ఆ పుటల్లో కనబడుతుంది. పంతుళ్ల కుటుంబాలు అట్లా అల్లుకుపోయాయి. ఇంగ్లండు మిషన్ల పాత ఉత్తరాలు లండన్‌లో సోయాస్ గ్రంథాలయంలో, ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్‌లో ఉన్నా, ఈ రిజిస్టర్లు మన చర్చి బీరువాల్లోనే ఉన్నాయి. పాస్టరుగారిని మర్యాదగా అడిగితే చూపిస్తారు.

మాన్యం లేని, మిషన్‌కు సంబంధం లేని సాతానయ్య, జంగమయ్య, బలిజ అయివారు, ఉర్దూ చెప్పిన మౌల్వీ సాబు వీళ్లకే అన్నిటికన్నా తక్కువ కాగితం. ఈ వెతుకులాటలో నన్ను బాధపెట్టేది వీళ్లే.

ఇంకో తిప్పలు మా కోవెలకుంట్ల వాళ్లకు ప్రత్యేకం. 1858లో కొత్త కర్నూలు జిల్లా కట్టినప్పుడు కోవెలకుంట్ల, కంభం, మార్కాపురం కడప నుంచి, పత్తికొండ బళ్లారి నుంచి వచ్చి కలిశాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో ఇక్కడ ఉరితీసినప్పుడు ఇది కడప కలెక్టరు ఏలుబడి. కాబట్టి తాత కాగితం కడపలో, మనవడి కాగితం కర్నూలులో, పైనుంచి వచ్చిన ఉత్తర్వు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటుంది. 2022 నుంచి నంద్యాల కూడా వేరే జిల్లా అయింది.

1884 లోకల్ బోర్డుల చట్టం తర్వాత తాలూకా బోర్డు బడులు వచ్చాయి, వాటితో అడ్మిషన్ రిజిస్టర్లు. ఇంటిపేరు లేని పిల్లవాడికి ఇంటిపేరు రాసిందీ, పుట్టినరోజు తెలియనివాడికి జులై 1 వేసిందీ ఆ అయివారే. ఇప్పుడు కులం సర్టిఫికెట్‌కు, వారసత్వానికి అందరం దాని దగ్గరికే పోతాం. ఆయన మాత్రం వరస చివర పొడి అక్షరాల సంతకంగా మిగిలాడు. ఆ పొడి అక్షరాలు విప్పడానికి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు రాసిపోయిన తనిఖీ పుస్తకం చూడాలి. పంతులు పేరు పూర్తిగా ఉండేది అందులోనే. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఎన్నో చిన్న బడుల్లో గదులు ఖాళీ అయ్యాయి. గది ఖాళీ చేసేటప్పుడు పాత పుస్తకాలు మూటగట్టి చెదలకు వదిలేస్తారు. హెడ్‌మాస్టర్లు, విద్యా కమిటీల వాళ్లు ముందుగా ఆ రెండు పుస్తకాల ఫొటోలు తీయించి పెట్టాలని కాళ్లావేళ్లా పడి అడుగుతున్నాను.

నోటి మాటలో నాకు ఎక్కువ పని చేసిన ప్రశ్న ఇంకోటి. "అయివారి పేరేమి?" అంటే ఎవరికీ తెలియదు. "అయివారి బిడ్డను ఏ ఊరికిచ్చినారు?" అంటే అవ్వలు వెంటనే చెబుతారు. ఆ ఊరికి పోతే అల్లుడింటి వాళ్లు ఉంటారు. కొడుకులు వలసపోయి ఉంటారు, కూతురి ఇల్లు అక్కడే ఉంటుంది. వాళ్లింట్లో తల్లిగారి ఇంటిపేరు ఉంటుంది, పెద్దాయన తద్దినం తిథి ఉంటుంది, అదృష్టముంటే ట్రంకు పెట్టెలో ఒక తాటాకు కట్ట ఉంటుంది. పత్తికొండ, జమ్మలమడుగు, ఆళ్లగడ్డ, బద్వేలు వైపు ఊళ్లవాళ్లు ఈ ఎండాకాలం సెలవుల్లో అవ్వల్ని ఆ ఒక్క ప్రశ్న అడిగి, ఊరు, ఇంటిపేరు, తిథి మూడూ రాసిపెట్టుకోండి. ఇనాం రిజిస్టరు పుట వెతికే పని ఆ తర్వాత చేసుకోవచ్చు.