పాత బీఎండబ్ల్యూ ఎక్స్1 డీజిల్: ఆధారాలు ఎంతవరకు నిలుస్తాయి?

సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎక్స్1 డీజిల్ గురించి రెండు మాటలు ప్రచారంలో ఉన్నాయి. జర్మన్ ఇంజిన్ కాబట్టి లక్షల కిలోమీటర్లు నిశ్చింతగా తిరుగుతుందన్నది మొదటిది. టైమింగ్ చైన్ పోతే బండి కొన్న ధరంతా ఇంజిన్‌కే పెట్టాలన్నది రెండోది. రెండింటికీ కొంత ఆధారం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఏ మాట ఏ బండికి వర్తిస్తుందో తేల్చుకోకపోతే నష్టపోయేది కొనేవారే. చాలా కుటుంబాలకు అది ఏళ్ల పొదుపు. అందువల్ల ఆధారాలను ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

1. పేరు ఒకటే గాని బండ్లు రెండు. మొదటి తరం ఎక్స్1 ఉత్పత్తి 2009లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మొదలైంది. 2010 డిసెంబరులో అది భారత్‌కు వచ్చింది. రెండో తరం 2015లో వెలువడి, 2016 ఫిబ్రవరి ఆటో ఎక్స్‌పోలో ఇక్కడ విడుదలైంది. మొదటిదాని డీజిల్ ఇంజిన్ ఎన్47, రెండోదానిది బీ47. రెండూ 1995 సీసీ ఇంజిన్లే కావడం, రెండింటి మీదా '20డి' అనే గుర్తే ఉండడం వల్ల కాబోలు, ఒకదాని అపకీర్తి రెండోదానికీ అంటుకుంది.

2. చైన్ సమస్య ఏ కాలానిది అన్నచోట కథనాలు కలవవు. ఎన్47లో టైమింగ్ చైన్ ఇంజిన్ వెనుక, గేర్‌బాక్స్ వైపున ఉంటుంది. దాన్ని మార్చాలంటే సాధారణంగా గేర్‌బాక్స్‌నో, ఇంజిన్‌నో దింపాలి. ఖర్చుకు ప్రధాన కారణం విడిభాగం ధర కాదు, ఈ శ్రమే. లోపం 2009 ఆరంభానికి ముందు తయారైన ఇంజిన్లకే పరిమితమని ఒక కథనం. 2011 దాకా కొనసాగిందని మరొకటి. ఆ తర్వాతి బండ్లలోనూ చైన్ చప్పుడు విన్నామన్నది కొందరు యజమానుల మాట. మొదటి కథనమే నిజమైతే, 2009 చివర్లో పుట్టిన ఎక్స్1కు ఈ నింద దాదాపు వర్తించకూడదు. రెండోది నిజమైతే, భారత్‌లో అమ్ముడైన తొలి బండ్లు అనుమానం పరిధిలోకి వస్తాయి. ఈ స్థితిలో రెండో కథనమే సరైనదని భావించి జాగ్రత్తపడడం క్షేమం.

3. ఒక్క బండికి మూడు తేదీలు ఉంటాయి: ఇంజిన్ తయారైనది, బండి బిగించినది, రిజిస్ట్రేషన్ అయినది. బీఎండబ్ల్యూ డీజిల్ ఇంజిన్లకు ప్రధాన కేంద్రం ఆస్ట్రియాలోని స్టెయర్. భారతీయ బండ్లను బిగించేది చెన్నై శివార్లలోని కర్మాగారంలో. కాబట్టి 2011లో రిజిస్టరైన బండిలో 2010 నాటి ఇంజిన్ ఉండవచ్చు. అమ్మేవారు చెప్పే 'మోడల్ సంవత్సరం' తరచు రిజిస్ట్రేషన్ సంవత్సరమే. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. ముందు చూడవలసినవి అవే.

4. విదేశీ నివేదికలు ఇక్కడ కొంతవరకే పనికొస్తాయి. అమెరికాలో ఎక్స్1ను డీజిల్ ఇంజిన్‌తో అమ్మలేదు. కనుక అక్కడి యజమానుల సర్వేలు మన 20డి ఇంజిన్ గురించి ఏమీ చెప్పలేవు. జర్మనీలో వాహనాల యోగ్యతను పరీక్షించే టీయూవీ తనిఖీల ఆధారం ఇంతకన్నా బలమైనదే గాని, అది బ్రేకులు, లైట్లు, స్టీరింగ్, పొగ వంటివాటికి సంబంధించినది. చైన్ అరుగుదల ఆ తనిఖీలో తేలదు. ఒక బండికి టీయూవీలో మంచి పేరు ఉన్నంత మాత్రాన దాని చైన్ కూడా గట్టిదని అనుకోవడానికి వీల్లేదు.

5. కొత్త ఇంజిన్ అయినంత మాత్రాన పూర్తి అభయం లేదు. 2018లో దక్షిణ కొరియాలో డీజిల్ బీఎండబ్ల్యూలు కొన్ని మంటలకు ఆహుతయ్యాక, ఇంజిన్ పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ లోపంపై రీకాల్ మొదలైంది. అది క్రమంగా ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల బండ్లకు విస్తరించింది. ఫలానా బండి ఆ జాబితాలో ఉందో లేదో, ఉంటే పని పూర్తయిందో లేదో ఛాసిస్ నంబరుతోనే నిర్ధారించుకోవాలి.

6. నడిపే ఖర్చును అంచనాగానే చెప్పగలం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు, లీటరు డీజిల్ 95 రూపాయలు అనుకుందాం. లీటరుకు 13 కిలోమీటర్లు ఇస్తే ఏడాదికి సుమారు 73,000, 16 ఇస్తే సుమారు 59,000 రూపాయలు. తేడా 14,000. ఒక్క రన్‌ఫ్లాట్ టైరు 18,000 పలికినా ఆ తేడా దానికి చాలదు. అంటే బేరంలో అందరూ అడిగే మైలేజీ కన్నా, ఎవరూ అడగని టైర్ల వయసుకే ఎక్కువ విలువ ఇవ్వాలేమో.

7. ఢిల్లీ బండ్ల చవక ధర వెనుక ఒక కారణం ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో అక్కడ ఆంక్ష విధించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఆంక్ష అమలుపై 2025లో మళ్లీ మధ్యంతర ఉత్తర్వులు వెలువడ్డాయి. అక్కడి బండిని హైదరాబాద్‌కో విజయవాడకో శాశ్వతంగా తెస్తే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త రిజిస్ట్రేషన్ తప్పవు. అవి కలిపితే చవక ఎంత మిగులుతుందో లెక్క వేశాకే బేరం ఆడాలి.

పై అంశాలను బట్టి, ఎక్స్1 నమ్మదగినదా అన్న ప్రశ్న అడిగిన తీరులోనే పొరపాటు ఉన్నట్టు తోస్తుంది. ఆధారాలు జవాబు చెప్పగలిగేది ఫలానా నెలలో తయారై, ఫలానా విధంగా సర్వీస్ అయిన ఒక్క బండి గురించే. ఇంజిన్ ఆయిల్ సకాలంలో మారినట్టు తేదీలు, కిలోమీటర్లతో సహా బిల్లులు ఉండి, ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే దాని వెనుక వైపు నుంచి గరగర వినిపించకపోతే, ఆ బండిని పరిశీలనకు తీసుకోవచ్చు. బిల్లులు లేని మొదటి తరం బండిని, చైన్ పని ఖర్చును ధరలోంచి తగ్గిస్తే తప్ప, వదులుకోవడమే మేలనిపిస్తుంది.