ముద్రణ చిత్రకళ: మూలకాలు, పర్యావరణం

చెక్క, లోహం, రాయి వంటి వాటిపై బొమ్మను సిద్ధం చేసి, సిరా పూసి, కాగితంపై అచ్చు తీసే కళ ముద్రణ చిత్రకళ. లోహపు రేకుతో పనిచేసే చిత్రకారుడికి గీత గీయడం వస్తే చాలదు. ఏ లోహాన్ని ఏ ఆమ్లం ఎంతసేపట్లో తింటుందో కూడా తెలియాలి. అందుకే ఈ కళ చరిత్ర సగం రసాయన శాస్త్ర చరిత్ర.

ఎచింగ్ అనే పద్ధతిలో ముందుగా రేకుకు మైనం పూత వేస్తారు. దానిపై సూదితో గీస్తే, గీసినచోట లోహం బయటపడుతుంది. ఆమ్లంలో ముంచినప్పుడు అక్కడ మాత్రమే గాడి పడి, సిరా నిలుస్తుంది. కవచాలపై నగిషీ చేసే ఈ పద్ధతిని జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన డేనియల్ హోప్ఫర్ 1500 ప్రాంతంలో అచ్చు బొమ్మలకు వాడాడు. ఆయనవి ఇనుప రేకులు. డ్యూరర్ 1518 నాటి 'ఫిరంగి' చిత్రం కూడా ఇనుముపై చేసిందే. ఇనుము తుప్పు పడుతుంది, గీత మొరటుగా వస్తుంది. 1520లో లూకాస్ వాన్ లైడెన్ రాగి రేకు వాడాడు. రెంబ్రాంట్ నాటికి రాగిదే రాజ్యం.

రాగి మీదా ఆమ్లం మీదా బతికిన ఈ కళ కాలుష్యాన్నీ వేళాకోళం చేసింది. 1828లో విలియం హీత్ వేసిన ఎచింగ్‌లో ఒక లండన్ మహిళ థేమ్స్ నీటి బొట్టును సూక్ష్మదర్శినిలో చూస్తుంది. అందులో ఈదుతున్న వికృత జీవులకు జడిసి చేతిలోని టీ కప్పు జారవిడుస్తుంది. మరుసటి ఏడే జార్జ్ క్రూక్‌షాంక్ పొలాలపైకి దండెత్తే ఇటుకలనూ పొగ గొట్టాలనూ చిత్రించాడు. 1970లో తొలి ధరిత్రీ దినోత్సవానికి రాబర్ట్ రాషెన్‌బర్గ్ చేసిన లిథోగ్రాఫ్‌లో నడుమ గద్ద, చుట్టూ పాడైన నేల, నీరు కనిపిస్తాయి.

చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లోని 'అటెలియే 17' ముద్రణ పనిశాలలో రసాయనాన్ని మరోవైపు నుంచి పట్టుకున్నారు. సిరాలలో నూనె పాళ్లు మార్చి, ఒకే రేకుపై పలు రంగులు కలిసిపోకుండా నిలిపే విస్కాసిటీ (చిక్కదనం) ముద్రణను తీర్చిదిద్దినవారిలో ఆయన ఒకరు.

రసాయన శాస్త్రం ఈ కళకు పనిముట్టే కాదు, బొమ్మకు వస్తువూ అయింది. 2007లో కొందరు ముద్రణ చిత్రకారులు కలిసి, మూలకానికొక బొమ్మ చొప్పున ఆవర్తన పట్టికనే అచ్చు వేశారు.

ఈలోగా పనిశాలల తీరూ మారింది. రాగిపై నత్రికామ్లం పడితే ఊపిరితిత్తులను దెబ్బతీసే గోధుమరంగు వాయువు లేస్తుంది. బదులుగా ఫెర్రిక్ క్లోరైడ్ వాడితే ఆ వాయువు రాదు గానీ, మడ్డి గాడుల్లో పేరుకుంటుంది. 1990లలో ముద్రణ చిత్రకారుడు ఫ్రీడ్‌హార్డ్ కీకెబెన్ ఫెర్రిక్ క్లోరైడ్‌లో సిట్రిక్ ఆమ్లం, అంటే నిమ్మకాయ పులుపు, కలిపి ఆ చిక్కు విప్పాడు. అయినా వాడేసిన ద్రావణంలో రాగి కరిగి ఉంటుంది. అది చేపలకు విషం. కనుక దాన్ని కాలువలో పారబోయకుండా, రాగిని వేరుచేశాకే వదిలించుకోవాలి.